కమిలిన మెడలు, పొట్టి నీడలు

తల్లిదండ్రులకు నమస్కారం.

స్పోర్ట్స్ డే అయ్యాక 11 మంది పిల్లలు ఎండకు మెడలు, చెవులు కమిలిపోయి ఇంటికొచ్చారు. మీ వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న చర్చ నా దాకా వచ్చింది. పరుగు పందేలు మిట్టమధ్యాహ్నం దాకా సాగనివ్వడం మా తప్పే. ఇకమీదట 10 గంటల లోపే ముగిస్తాం.

"బడిలో ఎవరూ చూసుకోలేదా?" అని అడిగారు. చూశాం. కానీ చర్మం కమిలిన సంగతి అప్పటికప్పుడు బయటపడదు. మూడు నాలుగు గంటలు గడిచాక ఎరుపెక్కి, మర్నాటికి ముదురుతుంది. నల్లటి ఒంటికి ఏమీ కాదనుకోకండి. ఎరుపు కనబడదంతే. చెయ్యి ఆనిస్తే వేడిగా ఉంటుంది, కాలరు తగిలితే పిల్లలు ఉలిక్కిపడతారు.

చన్నీళ్లలో తడిపిన గుడ్డ పదేసి నిమిషాలు వేయండి. ఒళ్లు తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. నీళ్లు బాగా తాగించండి. ఐస్ నేరుగా పెట్టొద్దు, బొబ్బలు చిదమొద్దు, నొప్పికని ఆస్పిరిన్ ఇవ్వొద్దు. జ్వరం, వాంతులు, తల తిరగడం, ఒంటి మీద చాలా మేర బొబ్బలు ఉంటే డాక్టరు దగ్గరికే. సోమవారం ఒక బాబు మెడ నిండా టూత్‌పేస్టు పెచ్చులు కట్టుకుని వచ్చాడు. మా బడి ఆయమ్మ నానబెట్టి తీయడానికి అరగంట పట్టింది. ప్రేమతోనే పూసి ఉంటారు, కాదనను. కానీ పేస్టు, నూనె, వెన్న ఏవీ వద్దు.

నీడ విషయంలో నాకు కాస్త చాదస్తమే, ఒప్పుకుంటాను. మన నీడ మనకంటే పొట్టిగా ఉందంటే ఆ ఎండ చర్మాన్ని కాలుస్తుంది. దీనికి గడియారం అక్కర్లేదు, ఫోను అంతకన్నా అక్కర్లేదు, కాళ్ల దగ్గరికి చూసుకుంటే చాలు! ఏడో తరగతి అమ్మాయిలిద్దరు ఎవరూ చెప్పకుండానే టేపు పట్టుకుని గంటగంటకూ నీడ కొలిచారు. మనిషి 142 సెంటీమీటర్లు, 11 గంటలకు నీడ 97. ఆ కాగితం మైదానం గేటుకి అంటించాం. నిన్న ఒకటో తరగతి బుడతడు గేటు దగ్గర ఆగి, "నా నీడ ఇంకా చిన్నగానే ఉంది మేడమ్" అని వెనక్కి తిరిగాడు. రోజంతా నవ్వుకుంటూనే ఉన్నాను.

ముందు మాత్రమే అంచున్న క్యాపు చెవుల్ని, మెడని కాపాడదు. చుట్టూ అంచున్న టోపీ పంపండి. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30కి తగ్గకుండా, బయల్దేరే ముందే రాయండి, మబ్బు పట్టినా సరే. రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవడానికి ట్యూబు బ్యాగులో ఉంచండి. "మావాడు రాయించుకోడు" అంటున్నారు. హోంవర్కు కూడా చేయనంటాడు, మరి అది చేయించడం లేదా?

పరీక్షల టైంటేబుల్, ఫీజు గడువు డైరీలో రాసి పంపాం, చూసుకోండి.

మైదానంలో దొరికిన 9 టోపీలు ఆఫీసులో ఉన్నాయి. రెండింటి మీదే పేర్లున్నాయి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు