‘తీయబడినది’ అంటే ఎవరు తీసినట్టు?

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఒడిశా గజపతి జిల్లాలో ఆంధ్రా బోర్డరుకి ఆనుకుని ఉన్న పల్లెటూరు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, పిల్లల స్కూల్లో ఇంగ్లీషు, సంతకెళ్తే సవర గిరిజనుల మాట, ఇవన్నీ రోజూ చెవిన పడేవే. మొన్న మా పల్లిసభలో, అంటే ఊరివాళ్ళంతా కూర్చునే సభలో, జరిగినది ఒకటి మీకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

పనుల లిస్టు ఒడియాలో చదివేరు. వెనక కూర్చున్న ఆడవాళ్ళు అర్థం కాలేదంటే ఒకాయన లేచి తెలుగులో చెప్పేరు, "కాలవ పూడిక తీయబడినది, నిధులు వినియోగించబడినవి" అని. అందరూ తలూపేరు, నేనూ ఊపేను. అప్పుడు మా వీధి చివర ఉండే ముసలావిడ, "ఎవులు తీసినారు బాబూ? మా గుమ్మం ముందు కాలవలోకి ఎవులూ దిగనేదే" అంది. ఆయన "తీసేరంటమ్మా, కాగితంలో ఉంది" అన్నారు. "అంటే నువ్వూ సూడ్నేదన్నమాట" అందావిడ. అంతే, కుర్రాళ్ళు లేచి ఏ రోజు తీసేరు, ఎంతమంది పనిచేసేరు, కూలి ఎవరికి ఇచ్చేరు అని ఒకటే అడగడం. చివరికి ఆ లైను పక్కన పెట్టి ముందు కాలవ చూసొద్దాం అని తేల్చేరు.

ఆ రాత్రంతా నాకు అదే ఆలోచన. ఆవిడ చదువుకోలేదు, నేను డిగ్రీ చదివేను, మరి నాకెందుకు ఆ ప్రశ్న రాలేదు? నాకు తోచింది ఏంటంటే, ‘తీయబడినది’ అనే మాటలో తీసినోడు లేడు, అది విన్నాక ఎవరు అని అడగాలన్న ఆలోచనే పుట్టదు. మన ఇళ్ళల్లో ఎవరూ "అన్నం వండబడినది" అనరు, అక్క వండింది అంటాం, అమ్మ వండింది అంటాం. పైగా మన మాటలో ‘అంట’ అని ఒకటుంది, "తీసేరంట" అన్నామంటే నేను చూడలేదు, విన్నానంతే అని అందులోనే తెలిసిపోతుంది. ఆవిడ పట్టుకుంది ఆ ‘అంట’నే. కాగితం భాషలోకి వెళ్ళేసరికి చేసినవాడూ పోతాడు, చూసినవాడూ పోతాడు. ఇది తెలుగు గొప్ప, ఒడియా తక్కువ అనే గొడవ కాదు, ఒడియా కాగితంలోనూ ‘కరాజాయిఛి’ (చేయబడినది) అనే ఉంటుంది, అదే ఒడియావాళ్ళు ఇంట్లో అయితే ‘కియే కలా’ (ఎవరు చేసేరు) అని సూటిగానే అడుగుతారు.

గిడుగు రామమూర్తి గారు 1880లో టీచరుగా చేరింది మా పర్లాకిమిడిలోనే. జనం మాట్లాడే తెలుగులోనే చదువూ రాతా ఉండాలని ఆయన పోరాడేరు, సవర పిల్లలకి సవరలోనే చెప్పాలని ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, బళ్ళు పెట్టేరు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసేక ఊరు వదిలి వెళ్ళిపోయేరు. ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండలేస్తాం గానీ ఆయన ఊళ్ళోనే పిల్లలకి సొంత మాటలో వాదించే చోటు లేకుండా పోతోంది, నాకు నిజంగా బాధేస్తుంది.

నేను ఇంటి దగ్గర ట్యూషన్ చెప్తాను. ఏడో క్లాసు పాప ఒకత్తి ‘వాటర్ ఛేంజెస్ ఇంటు వేపర్’ అని గడగడా అప్పజెప్పింది. పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి, మరుగుతున్న నీళ్ళల్లో ఆ బుడగల్లో ఏముందే అని తెలుగులో అడిగితే గాలి అంది. సరే అని ఊరుకున్నాను. కాసేపు గిన్నెలోకే చూసి, "కాదు టీచర్, గాలయితే కాసేపటికి అయిపోవాలి కదా, నీళ్ళున్నంతసేపూ వస్తన్నాయేటి, అవి నీళ్ళే" అంది. ఆ ‘కాదు’ అనేది ఇంగ్లీషులో దానికి ఇంకా రాదు. ఇంగ్లీషు దానికి ఇప్పటికి బట్టీ పట్టడానికే పనికొస్తోంది.

ఇంకో పక్క కూడా చెప్పాలి. 1981లో ట్వెర్స్కీ, కానెమాన్ అనే సైకాలజిస్టులు ఒక ప్రశ్న వేసేరు, 600 మంది ప్రాణాల మీదకి రోగం వచ్చింది, ఈ పద్ధతిలో 200 మంది కచ్చితంగా బతుకుతారు అంటే 72 శాతం సరే అన్నారు, అదే లెక్కని 400 మంది చచ్చిపోతారు అని తిప్పి చెప్తే 22 శాతమే సరే అన్నారు. 2012లో చికాగో యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటిదే తర్వాత నేర్చుకున్న భాషలో అడిగితే ఆ తేడా పోయింది. అంటే రెండో భాష మనిషిని నెమ్మదిగా ఆలోచించేలా కూడా చెయ్యగలదు. కాకపోతే ఆ ప్రశ్న అర్థమయ్యేంత భాష ముందు రావాలి కదా, మా పిల్లలకి అదే కుదరడం లేదు. అందుకే ఒడియా వద్దు, ఇంగ్లీషు వద్దు అని నేను అనను.

1956లోనే రాజ్యాంగంలో 350ఏ అనే అధికరణం పెట్టేరు, భాషా మైనారిటీ పిల్లలకి ప్రైమరీలో మాతృభాషలో చదువుకునే వీలు కల్పించాలని. అది పూర్తిగా జరిగేదాకా కనీసం క్లాసులో జవాబు రాయించే ముందు పది నిమిషాలు పిల్లల్ని ఇంటి మాటలో వాదించుకోనివ్వండి. పల్లిసభ లిస్టు తెలుగులో, సవరలో కూడా చదవండి, చదివేటప్పుడు ఎవరు చేసేరో పేరుతో చదవండి.

మీ పేపరుకీ ఒక మాట. ‘నిధులు దారి మళ్ళాయి’ అనే హెడ్డింగ్ తరచూ చూస్తుంటాం. మళ్ళించింది ఎవరో తెలిస్తే రాయండి, తెలియకపోతే ‘ఎవరు మళ్ళించేరో అధికారులు చెప్పలేదు’ అని ఆ హెడ్డింగ్ కిందే వెయ్యండి. అది చదివి వెళ్ళి అడిగేవాళ్ళు మా ఊళ్ళో ఇప్పుడు ఉన్నారు.

ఇట్లు
ఒక ట్యూషన్ టీచరు
గజపతి జిల్లా, ఒడిశా