క్యాంపస్‌లో పోయినవి ఎక్కడ వెతకాలి?

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండ, వరంగల్ క్యాంపస్‌లలో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చి చదువుకునే పిల్లలు చాలామంది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి అమ్మాయిల పర్సుల్లో ఎక్కువగా ఒరిజినల్ ఆధార్ ఉంటోంది. అలాంటి గుర్తింపు కార్డు చూపిస్తేనే జీరో టికెట్. ఇప్పుడు పర్సు పోతే పోయేది యాభయ్యో వందో కాదు. ఆధార్, ఏటీఎం కార్డు, ఐడీ కార్డు, పరీక్షల రోజులైతే హాల్ టికెట్ కూడా ఒక్కసారే పోతాయి. ఆ టెన్షన్ తల్లిదండ్రులకే తెలుసు.

ఈ మధ్య మా అమ్మాయి పర్సు తను చదివే యూనివర్సిటీలో పోయింది. లైబ్రరీలో అడిగితే డిపార్ట్‌మెంట్‌కు వెళ్లమన్నారు, అక్కడ హాస్టల్ ఆఫీసులో అడగమన్నారు. చివరికి గేటు దగ్గరి సెక్యూరిటీ గదిలో దొరికింది. అక్కడి సొరుగులో కళ్లద్దాలు, కాలిక్యులేటర్లు, ఒంటి ఇయర్‌బడ్లు, తాళంచెవుల గుత్తులు, రబ్బరు బ్యాండు వేసిన బస్ పాసుల కట్ట! అన్నీ ఎవరో నిజాయితీగా తెచ్చి ఇచ్చినవే. అక్కడున్నాయన్న సంగతి పోగొట్టుకున్నవాళ్లకు తెలిసే దారే లేదు.

పిల్లలేమో వాట్సాప్ గ్రూపులను నమ్ముకున్నారు. దొరికిన ఆధార్‌ను రెండు వైపులా ఫొటో తీసి, పన్నెండు అంకెలూ కనపడేలా వందల మందికి పంపుతున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆడపిల్ల ఫొటో, ఇంటి చిరునామా ఎవరి చేతుల్లో పడతాయో ఎవరు చెప్పగలరు?

ఫోన్ పోతే కేంద్ర టెలికాం శాఖ వారి సీఈఐఆర్ పోర్టల్ ఉంది. ప్రతి ఫోన్‌కూ ఉండే ఐఎంఈఐ అనే గుర్తింపు నంబరుతో దాన్ని బ్లాక్ చేయించవచ్చు. దాని సాయంతో మన రాష్ట్ర పోలీసులు వేల ఫోన్లు తిరిగి ఇచ్చారు. రైల్లో బ్యాగు మరిచిపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139 ఉంది, రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) వాళ్లు ‘ఆపరేషన్ అమానత్’ పేరుతో సొంతదారులను వెతికి మరీ అప్పగిస్తున్నారు. క్యాంపస్‌లో పర్సుకు ఆ మాత్రం ఏర్పాటు చేయలేమా?

వెబ్‌సైట్ పెద్ద పనేం కాదు. ఎంసీఏ పిల్లలు ఇలాంటివి ప్రాజెక్టు కింద ఎప్పుడో చేసి ఉంటారు, వైవా అయ్యాక మూలన పడేసి ఉంటారు. వస్తువు ఏమిటి, ఏ రోజు, ఎక్కడ దొరికింది అన్నది పెడితే చాలు. ఫొటో వద్దు. పర్సు ఏ రంగు, లోపల ఏమేం ఉన్నాయి అన్నవి దాచి ఉంచి, నాదే అని వచ్చినవాళ్లను అడగాలి. సరిగ్గా చెబితే సంతకం పెట్టించుకుని ఇవ్వాలి.

అసలు కావాల్సింది రోజూ ఆ వివరాలు ఎక్కించే మనిషి. అది ఎవరి పనో తేల్చకపోతే నెల తిరక్కుండానే ఆ పేజీ పాతబడుతుంది. కాబట్టి రిజిస్ట్రార్లు ఒక గది, ఒక బీరువా, బాధ్యుడైన ఒక ఉద్యోగిని చూపించి, ఏ శాఖలో ఏది దొరికినా అదే సాయంత్రం అక్కడికి చేరాలని ఉత్తర్వు ఇవ్వాలి. మూడు నెలలైనా ఎవరూ రాకపోతే ఆధార్ కార్డులను పోస్టులో ఇంటికే పంపవచ్చు. చిరునామా వాటి మీదే ఉంటుంది కదా.

– ఒక విద్యార్థిని తండ్రి, ములుగు