మా క్రెష్ తాళం ఎప్పుడు తీయాలి?

శిశు సంక్షేమ శాఖ అధికారి గారికి నమస్కారం.

హైదరాబాద్ మూసాపేటలో రెండు గదుల్లో, పనికెళ్లే తల్లుల పిల్లల్ని పగలు చూసుకునే క్రెష్ నడిపేదాన్ని. 2020 మార్చిలో కరోనా అని మూయమన్నప్పుడు ఆ నెల 31 దాకానే కదా అనుకున్నాను. చెప్పుల స్టాండులో ఓ చిన్న ఎర్ర చెప్పు ఇంకా అలాగే ఉంది, దాని జత ఏ ఆటోలో పడిపోయిందో. ఆ పాదం ఈపాటికి రెండు సైజులు పెరిగి ఉంటుంది.

ఓనరు మంచాయనే, అద్దె సగం తగ్గించారు. అయినా ఆయమ్మలిద్దరికీ జీతం ఇవ్వలేకపోయాను. ఒకామె ఇప్పుడు కూరగాయలు అమ్ముతోంది. మొన్న ఏప్రిల్‌లో గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల టీచర్లకు ప్రభుత్వం 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. సంతోషమే. మరి ఆయమ్మలు? మా పేర్లు ఏ జాబితాలోనూ లేవు.

తల్లుల టెన్షన్ ఇంకోరకం. మా దగ్గర పాపను వదిలే నర్సు, కోవిడ్ వార్డు నుంచి వచ్చి ఆ పాపను ఎత్తుకోవడానికే భయపడుతోంది. చూసేది ముసలి అత్తగారు. అంగన్‌వాడీ వాళ్లు బాలామృతం, గుడ్లు ఇళ్లకు చేరుస్తున్నారు, మెచ్చుకోవాలి. కానీ ప్యాకెట్ పిల్లను ఆడించదు కదండీ.

ఆస్పత్రి, పారిశుధ్య సిబ్బంది పిల్లల కోసమైనా, ఐదారుగురు చొప్పున తెరవనివ్వండి. ఆయమ్మలకు ముందుగా టీకా వేయించండి. మూసిన గదులకు వస్తున్న కరెంటు మినిమం ఛార్జీ సంగతి కూడా చూడండి.

ఇట్లు,
ఓ క్రెష్ నిర్వాహకురాలు
మూసాపేట, జూన్ 2021