శీనూకి, ఆ ఎంజీబీ గురించి

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసి ఒక్కొక్కటే చూశాను. 1971 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే ఎంజీ వాళ్ల కప్పులేని రెండు సీట్ల ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, ఏళ్ల తరబడి పాకలో పడి ఉన్న బండి, టైర్లలో గాలి లేదు, సీట్లు చిరిగాయి. అమ్మేవాడు "బాడీ గట్టిది, ఇంజనుకే కాస్త పని" అన్నాడని రాశావు. ఆ మాటకి నువ్వు ధైర్యపడొద్దు. ఈ బండిలో ఇంజను పని చవక, బాడీ పని ఖరీదు. ఎంజీబీ విలువంతా దాని సిల్సులో ఉంది. తలుపుల కింద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఉండే ఆ రెండు పెట్టె దూలాలు బాగుంటే మిగతాదంతా ఓపికతో అయ్యే పని. అవి పోతే బండిలో సగం పోయినట్టే లెక్క వేసుకో.

ముందు నీ ముందున్నది ఏ ఎంజీబీయో తేల్చుకో. 1962 నుంచి 1980 దాకా ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఆబింగ్‌డన్‌లో ఐదు లక్షలకి పైగా తయారయ్యాయి కాబట్టి "అరుదైన బండి" అని ఎవరన్నా చెబితే నమ్మకు. అందరూ కోరుకునేవి మొదటి మూడేళ్లవి, అంటే తలుపు పిడిని లాగి తీసే రకం. వాటి తర్వాత క్రోము బంపర్ల రోడ్‌స్టర్లు, ఆ తర్వాత క్రోము బంపర్ల జీటీలు, అంటే గట్టి కప్పున్నవి. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం నల్ల రబ్బరు బంపర్లు పెట్టి బండిని ఎత్తు చేశారు. అవి అన్నిటికంటే చవక. కొందరు రబ్బరు బంపర్ బండికి క్రోము బిగించి పాతదిగా చూపిస్తారు, అందుకని బంపర్‌ని కాదు, చాసిస్ నంబరుని చూడు. నీది జీహెచ్ఎన్5 అని మొదలవ్వాలి. జీ అంటే ఎంజీ, హెచ్ ఇంజను సైజు తరగతి, ఎన్ రెండు సీట్ల ఓపెన్ బండి. ఎన్ ఉండాల్సిన చోట డీ ఉంటే అది జీటీ. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్లకి డబ్బు కడితే ఆ నంబరుతో ఫ్యాక్టరీలో వేసిన రంగు, ఇంజను నంబరు, పంపిన తేదీ అన్నీ రాసి సర్టిఫికెట్ ఇస్తారు. అది తెప్పించు. అసలు రంగు, అసలు ఇంజను ఉన్న బండికి అమ్మేటప్పుడు తేడా తెలుస్తుంది. ఓవర్‌డ్రైవ్, అంటే వేగంలో ఇంజను నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు, ఉందా అని కూడా చూడు. ఆ ఏడాది బళ్లకి అది విడిగా డబ్బు కట్టి పెట్టించుకునేది, ఉంటే మోటార్‌వే మీద హాయి, విలువా ఎక్కువ.

నంబరు ప్లేటు పట్టుకుని బ్రిటిష్ ప్రభుత్వ సైట్‌లో పాత ఎంఓటీ (బండి రోడ్డుకి తగినదేనా అని ఏటా చేసే పరీక్ష) రికార్డులు తీయి. 2005 తర్వాత ఎప్పుడైనా పరీక్షకి వెళ్లుంటే ఫెయిలైన కారణాలు అక్కడే ఉంటాయి. "సిల్ తుప్పు" అని ఒకసారి రాసి, నెల తిరక్కుండా పాస్ అయిందంటే ఎవరో పైపైన ఒక రేకు ముక్క అతికించారని అనుమానించు. వీ5సీ అనే రిజిస్ట్రేషన్ కాగితం అమ్మేవాడి చేతిలో ఉందో లేదో కూడా కనుక్కో.

ఇక తుప్పు. ఈ బండికి విడిగా చాసిస్ లేదు, పైన కప్పూ లేదు. కాబట్టి బండి మధ్యలో విరక్కుండా ఆపేది ఆ రెండు సిల్సే. ఒక్కో సిల్‌లో నాలుగు ముక్కలుంటాయి: బయట కనబడే ఔటర్ సిల్, కింద క్యాజిల్ రైల్, లోపల ఇన్నర్ సిల్, మధ్యలో నిలువుగా మెంబ్రేన్. ముందు చక్రం విసిరిన బురద ఫెండర్ వెనకున్న అడ్డురేకు దాటి, దాని అడుగున చేరి కూర్చుంటుంది. అది ఎండదు. ఆ తడి సిల్‌లోకి దిగుతుంది, నీళ్లు పోవాల్సిన కన్నాలు మట్టితో మూసుకుపోతాయి, తుప్పు లోపల్నుంచి బయటికి తింటుంది. బయట రంగు మీద బుడగ కనిపించే సరికి లోపలి ముక్కలు ఎప్పుడో పోయుంటాయి. అందుకే బయట నున్నగా ఉన్న సిల్ ఏమీ రుజువు చెయ్యదు. ఒకటి గుర్తుపెట్టుకో, ఔటర్ సిల్ ముందు చివర ఫెండర్ కిందికి వెళుతుంది. ఫెండర్ విప్పకుండా, తలుపు కింద ఉన్నంత మేరకే కొత్త రేకు అతికిస్తే అది అందం కోసం చేసిన పనే, బలానికి కాదు.

వెళ్లేటప్పుడు ఒక అయస్కాంతం, టార్చి, పాత బట్టలు, జాకీ పట్టుకెళ్లు. మొదట తలుపు వెనక సందు చూడు. పైనా కిందా ఒకే వెడల్పు ఉండాలి. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే బండి నడుం కుంగిపోయింది. తర్వాత సిల్ దగ్గరున్న జాకీ చోట ఎత్తు. ఎత్తుతుంటే ఆ సందు మారినా, తలుపు మూసుకోవడానికి మొరాయించినా, జాకీ రేకులోకి దిగబడినా, సిల్స్ అయిపోయాయన్న మాట. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి సిల్స్ మీద, వెనక ఫెండర్‌లో చక్రానికి ముందుండే కింది మూల మీద జరుపు. పట్టుకోని చోట పుట్టీ ఉంది. సిల్స్ మీద మెరిసే స్టీలు పట్టీలు స్క్రూలతో బిగించి ఉంటే వాటి కింద ఏముందో చూడకుండా ధర మాట్లాడకు.

కింద పడుకుని, వెనక స్ప్రింగుల ముందు చివర్లని బాడీకి పట్టి ఉంచే హ్యాంగర్లు చూడు. సీట్ల వెనక రెండు బ్యాటరీ పెట్టెలుంటాయి, నీ బండికి రెండు 6 వోల్టు బ్యాటరీలు. ఆసిడ్ కారి ఆ పెట్టెల అడుగు పోతుంది, మార్చడం కష్టం కాదు. పెట్రోలు ట్యాంకు మాత్రం పైనుంచి తినేస్తుంది: డిక్కీ అడుగుకీ ట్యాంకుకీ మధ్య మట్టీ నీళ్లూ నిలుస్తాయి. కిందనుంచి చూస్తే బంగారంలా ఉంటుంది, పైన కన్నాలుంటాయి. అది కొత్తది కొనేదే అని రాసేసుకో. తలుపుల మీద, ముందుండే చిన్న త్రికోణపు అద్దం కింద, రేకు పగిలిందేమో చూడు. ఆ పగులు దాదాపు ప్రతి రోడ్‌స్టర్‌కీ వచ్చేదే, దాని కోసం బండి వదులుకోవద్దు.

ధర ఎలా కట్టాలో చెబుతాను. అమ్మేవాడు చెప్పే రేటు దగ్గర మొదలుపెట్టకు. అలాంటిదే బాగుచేసిన బండి నిజంగా ఎంతకి అమ్ముడైందో వేలం ఫలితాల్లో చూడు, అడిగిన ధరలు కాదు. ఉదాహరణకి అది 12,000 పౌండ్లనుకో. అందులోంచి సిల్స్, రంగు, బ్రేకులు, టైర్లు, హుడ్ (గుడ్డ టాపు), సీట్ల ఖర్చు తియ్యి, వచ్చిన ఖర్చుకి ఇంకో పాతిక శాతం కలిపి తియ్యి, ఎందుకంటే విప్పాక కనబడేది ఎప్పుడూ ఎక్కువే. ఒక్కో వైపు సిల్స్‌కి పనివాడి గంటలు నలభై వేసుకో. మిగిలిందే ఆ బండి ధర. చాలాసార్లు మిగిలేది సున్నా కంటే తక్కువ వస్తుంది, అప్పుడు కూడా కొనొచ్చు, కానీ అది డబ్బు కోసం కాదని నీకు ముందే తెలియాలి. షెల్, అంటే ఒట్టి బాడీ, మొత్తం పోయుంటే విట్నీలో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు పాత అచ్చులతోనే కొత్త బాడీ షెల్ చేసి అమ్ముతారు. కానీ దానికే పది వేల పౌండ్లు దాటుతుంది, రంగు కాకుండా. నా ఉద్దేశం అడిగితే, సిల్స్ పోయిన చవక బండి కంటే, సిల్స్ బాగున్న ఖరీదు బండే లాభం.

కొన్నావనుకో. ఆ సంబరంలో బ్యాటరీ పెట్టి స్టార్ట్ చెయ్యొద్దు, దయచేసి. బోర్ల (పిస్టన్లు ఆడే సిలిండర్ల) గోడల మీద నూనె ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, పిస్టన్ రింగులు తుప్పుకి అతుక్కుని ఉండొచ్చు. ఒక్కసారి స్టార్టర్ తిప్పితే రింగులు విరుగుతాయి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో బోరులో రెండు చెంచాల తుప్పు వదిలించే నూనె పోసి నాలుగైదు రోజులు వదిలెయ్యి. పాత ఆయిల్ దించి, 20డబ్ల్యూ50 రకం ఇంజనాయిల్ నింపు, ఫిల్టర్‌తో కలిపి నాలుగుంపావు లీటర్లు పడుతుంది. జింకు ఎక్కువున్న, పాత ఇంజన్లకని అమ్మే ఆయిలే కొను, ఈ ఇంజను ట్యాపెట్లకి అది కావాలి. గేర్‌బాక్సుకీ ఇదే ఆయిల్, గేర్ ఆయిల్ పొయ్యకు. తర్వాత నాలుగో గేరులో వేసి బండిని ముందుకీ వెనక్కీ మెల్లగా కదుపు. తిరిగితే, ప్లగ్గులు లేకుండానే స్టార్టర్‌తో ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా తిప్పు. ముల్లు లేచాకే ప్లగ్గులు పెట్టు. వేడెక్కిన ఇంజను 3,000 ఆర్‌పీఎం దగ్గర 50 పీఎస్ఐ పైన చూపిస్తే ఇంజను అడుగుభాగం, అంటే క్రాంకు, దాని బేరింగులు, బాగున్నట్టే. కంప్రెషన్ నాలుగు బోర్లలో పదిశాతం తేడాలో ఉంటే హెడ్డు ముట్టుకోకు. తీయాల్సి వస్తే రెండో, మూడో బోర్ల ఎగ్జాస్ట్ వాల్వుల మధ్య పగులుందేమో వర్క్‌షాపులో ప్రెషర్ పరీక్ష చేయించి, ఎగ్జాస్ట్ సీట్లు గట్టివి వేయించు, ఇప్పటి పెట్రోల్లో సీసం లేదు కదా. హెడ్డు నట్లు మధ్యనుంచి బయటికి, కొంచెం కొంచెంగా, 45 నుంచి 50 పౌండ్-అడుగుల దాకా బిగించాలి.

క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అతుక్కుపోవడం ఇలా పడున్న బళ్లలో మామూలు. క్లచ్ మార్చాలంటే ఇంజను బయటికి తీయాల్సిందే. ఎలాగూ తీశావు కాబట్టి ప్లేటు, కవరు, కార్బన్ బేరింగు మూడూ మార్చు. ఒక్కటి మిగిల్చావంటే మళ్లీ అదే పని.

సిల్స్ పనికి ఇంజను, గేర్‌బాక్సు బయట ఉంటే మంచిది. ముందు ఫెండర్లు బోల్టులతోనే ఉంటాయి, విప్పొచ్చు. వెనకవి వెల్డింగ్‌తో ఉంటాయి, కింది మూల కోయాలి. బండిని నాలుగు స్టాండ్ల మీద పెట్టి, తలుపుల సందు సరిగ్గా వచ్చేదాకా స్టాండ్ల ఎత్తు మార్చు. అప్పుడు తలుపు ముందు స్తంభం నుంచి వెనక స్తంభం దాకా ఇనుప గొట్టం అడ్డంగా వెల్డ్ చెయ్యి. ఇది చెయ్యకుండా కోస్తే బాడీ కుంగి, ఆ కుంగిన ఆకారంలోనే కొత్త సిల్ అతికిపోతుంది, తర్వాత ఏ తలుపూ మూసుకోదు. ఒక వైపు పూర్తయ్యేదాకా రెండో వైపు ముట్టుకోకు. లోపలి ముక్కల నుంచి బయటికి రా, ప్రతి దశలో తలుపు బిగించి మూసి చూడు. పల్చటి రేకు కాబట్టి 0.6 మిల్లీమీటర్ల తీగతో మిగ్ వెల్డింగ్, చిన్న చిన్న చుక్కలుగా, అక్కడోటి ఇక్కడోటి పెట్టు. ఒకే చోట లాగితే వేడికి రేకు వంకరపోతుంది. అతుకుల మధ్య జింకు ప్రైమర్, అంతా అయి రంగు వేశాక లోపలికి పొడవాటి గొట్టంతో మైనం కొట్టు. నీళ్లు పోయే కన్నాలు తెరిచే ఉంచు.

బ్రేకుల్లో పాతది ఏదీ వాడకు. మాస్టర్ సిలిండర్, వెనక వీల్ సిలిండర్లు, మూడు రబ్బరు గొట్టాలు, కుప్రో-నికెల్ పైపులు, కాలిపర్లకి స్టెయిన్‌లెస్ పిస్టన్లు, డాట్ 4 ఫ్లూయిడ్. పాత రబ్బరు గొట్టం బయట బాగానే ఉంటుంది, లోపల ఉబ్బి మూసుకుపోయి బ్రేకు పట్టి వదలదు. ఫ్లూయిడ్ రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు, లేకపోతే రంగు ఊడొస్తుంది. ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఇరుసుగా ఉండే కింగ్‌పిన్నులకి ఒక్కో వైపు మూడు గ్రీజు నిపుల్స్ ఉంటాయి. చక్రం గాల్లో ఉండగా గ్రీజు కొట్టు, బరువు మీదుంటే అవసరమైన వైపుకి వెళ్లదు. కింగ్‌పిన్ అరిగిందా అని చూడాలంటే ఎవరినైనా బ్రేకు తొక్కి ఉంచమని, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపు. బ్రేకు తొక్కినా కదిలితే అది బేరింగు కాదు, కింగ్‌పిన్నే.

జంట ఎస్‌యూ కార్బురేటర్లు భయపెట్టేవి కావు. ముందు వాల్వు క్లియరెన్స్ 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), పాయింట్లు 15 థౌ, ప్లగ్గు గ్యాప్ 25 థౌ సరిచెయ్యి. చాలా "కార్బురేటర్ జబ్బులు" అక్కడే నయమవుతాయి. తర్వాత కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్‌ని, దాని చుట్టూ వంతెనలా ఉండే గట్టుతో సమానంగా పెట్టి రెండు చుట్లు కిందికి దించు. ఇంజను వేడయ్యాక కార్బురేటర్ పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు కంటే తక్కువ ఎత్తు: వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, ఒక్క క్షణం పెరిగి మామూలైతే సరిపోయింది. ఎంత చేసినా ఐడిల్ నిలబడకపోతే థ్రాటిల్ స్పిండిల్ అరిగి గాలి లాగుతోంది. పెట్రోలు గొట్టాలు మాత్రం ఈ10ని (ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోలుని) తట్టుకునే ఆర్9 రకమే వెయ్యి. పాతవి లోపల మెత్తబడి కారతాయి, ఎగ్జాస్ట్ పక్కనే కదా. ఇంగ్లండులో నలభై ఏళ్లు దాటిన బండికి ఎంఓటీ తప్పనిసరి కాదు. అయినా నువ్వు చేయించు, వెల్డింగ్‌ని ఇంకో కన్ను చూస్తుంది.

ఆదివారం వెళుతున్నావు కాబట్టి ఈ ఫోటోలు పంపు: చాసిస్ ప్లేటు, ఇంజను నంబరు, రెండు వైపులా తలుపు వెనక సందు పైనా కిందా, సిల్ కింద క్యాజిల్ రైల్ పొడవునా, వెనక స్ప్రింగు హ్యాంగర్లు. జాకీ మీద ఎత్తక ముందు ఒకటి, ఎత్తాక ఒకటి, ఒకే చోట నిలబడి తీయి. అవి చూశాక ధర మాట్లాడదాం. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు.

నీ
ప్రసాద్