ట్రిప్ అయిన బ్రేకర్‌ను ఎత్తే ముందు

సంపాదకులకు,

వానాకాలం వడ్లు దిగడం మొదలైతే మిర్యాలగూడ రైసు మిల్లులకు రాత్రీ పగలూ ఒకటే. ధర ఎంత, తరుగు ఎంత, తేమ ఎంత అని ఆ రోజుల్లో పత్రికల నిండా వార్తలే. మిల్లు లోపల కరెంటు ప్యానెల్ ముందు నిలబడే మనిషి మాత్రం చెయ్యి కాలితేనే వార్త అవుతాడు, అదీ ‘షార్ట్ సర్క్యూట్’ అన్న ఒక్క ముక్కతో. నేను ఈ ప్యానెళ్ల పని చేసేవాణ్ణి కాబట్టి ఆ ముక్క వెనక ఏముంటుందో రాస్తున్నాను.

లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా తనంతట తానే కరెంటు తెంచే స్విచ్చే బ్రేకర్. అది అలా పడిపోతే, అంటే ట్రిప్ అయితే, మా దగ్గర మొదట వినిపించే మాట ‘ఏం కాదు, ఇంకోసారి ఎత్తి చూడు’. నానబెట్టిన వడ్లు తొట్లలో ఉంటాయి, ఆలస్యమైతే వాసన పట్టి బియ్యం రంగు మారుతుంది. డ్రయ్యర్ ఆగిందంటే సగం ఆరిన సరుకు అందులోనే ఉండిపోతుంది. పైన సీఎంఆర్ గడువు, అంటే ప్రభుత్వం ఇచ్చిన వడ్లు మర పట్టి బియ్యం అప్పగించాల్సిన గడువు. ఓనర్ టెన్షన్ అబద్ధం కాదు. కానీ ఆ టెన్షన్ అంతా రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న ఆపరేటర్ మీద పడుతోంది.

పోయిన యాసంగిలో మా చుట్టుపక్కల ఒక మిల్లులో ఇదే జరిగింది. మెయిన్ ఎంసీసీబీ (మిల్లు మొత్తానికీ ఉండే పెద్ద బ్రేకర్) ట్రిప్ అయింది. ఆపరేటర్ ఎత్తాడు, మళ్లీ పడింది. ఫోన్‌లో అడిగితే ఇంకోసారి ఎత్తమన్నారు. ఈసారి ‘డబ్’మని మోగి, తెరిచి ఉన్న ప్యానెల్ తలుపులోంచి మంట బయటికి వచ్చింది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది, కనుబొమలు మాడిపోయాయి. తర్వాత నేను ఆ బ్రేకర్ విప్పితే లోపల కాంటాక్టులు కరిగి ఉండలు కట్టి ఉన్నాయి, పక్క ఫేజ్ దాకా మసి పాకింది. అసలు ఫాల్ట్ ఎలివేటర్ మోటర్ కేబుల్‌లో. తవుడు పేరుకున్న ట్రేలో ఎలుకలు దాన్ని కొరికాయి. ఆ ఫీడర్‌కు (ఆ మోటర్‌కు వెళ్లే లైనుకు) ఉన్న బ్రేకర్ ముందే పాడైతే తీసేసి వైరు నేరుగా కలిపారు, అందుకే దెబ్బ మెయిన్ మీద పడింది. ఆ కుర్రాడు బీహార్ నుంచి హమాలీ పనికి వచ్చి, చూసి చూసి ప్యానెల్ నేర్చుకున్నవాడు. కరెంటు పని చేయడానికి ఉండాల్సిన పర్మిట్ లేదు, చేతికి గ్లౌజు లేదు.

పడిన ప్రతిసారీ ఎత్తడానికి చేసిన వస్తువు కాదు బ్రేకర్. ఐఎస్/ఐఈసీ 60947-2 ప్రమాణం ప్రకారం ఎంసీసీబీ గరిష్ఠ సామర్థ్యాన్ని పరీక్షించేటప్పుడు ఒకసారి షార్ట్‌ను తెంచమంటారు, కాస్త ఆగి అదే షార్ట్ మీద వేసి మళ్లీ తెంచమంటారు. అంతే. ఆ తర్వాత అది మామూలు లోడుకు పనికొస్తుందన్న హామీ ఏమీ ఉండదు. మిల్లులో వచ్చే ప్రతి షార్టూ అంత పెద్దది కాకపోవచ్చు. అయినా ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గర్లో ఉన్న మెయిన్ ప్యానెల్‌లో ఫాల్ట్ కరెంటు వేల ఆంపియర్లలో ఉంటుంది. ఆర్క్ వేడికి రాగి ఆవిరైపోతుంది, చర్మం ఎంత!

అన్ని ట్రిప్పులూ ఒకే రకం కాదు. కాసేపు నడిచాక పడితే చాలావరకు ఓవర్‌లోడు: ఎలివేటర్‌లో వడ్లు ఇరుక్కోవడం, బేరింగ్ పట్టేయడం లాంటివి. అప్పుడు లోపలి బైమెటల్ (వేడికి వంగి బ్రేకర్‌ను పడగొట్టే రేకు) వేడిగా ఉంటుంది, చల్లారేదాకా హ్యాండిల్ నిలవదు. ట్రిప్ అయిన హ్యాండిల్ మధ్యలో ఆగుతుంది. దాన్ని ముందు కిందికి పూర్తిగా ఆఫ్‌కు నొక్కితేనే రీసెట్ అవుతుంది. ఇది తెలియక ‘జామ్ అయింది’ అని స్క్రూడ్రైవర్‌తో కొట్టేవాళ్లను చూశాను. వేసిన వెంటనే పడిందంటే మాత్రం షార్టో, ఎర్త్ ఫాల్టో అనుకోవాల్సిందే, ఎత్తే మాటే వద్దు. రిలే (ఫాల్ట్‌ను పసిగట్టి బ్రేకర్‌ను పడగొట్టే పరికరం) ఉన్న పెద్ద ప్యానెల్ అయితే ఏ ఫ్లాగ్, అంటే ఏ ఫాల్ట్ గుర్తు, పడిందో రాసుకోకుండా రీసెట్ బటన్ నొక్కకూడదు. నొక్కితే ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది.

తర్వాత పైనుంచి సప్లై ఆపి, తాళం వేసి, ఆ తాళంచెవి పనిచేసేవాడి జేబులోనే ఉండాలి. కరెంటు లేదని మీటర్‌తో చూసుకోవాలి. సాఫ్ట్ స్టార్టర్, వీఎఫ్‌డీ లాంటి, మోటర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పరికరాలు ఉంటే విడదీసి, కేబుల్‌ను, మోటర్‌ను 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటర్) ఫేజులకూ ఎర్త్‌కూ మధ్య చూడాలి. ఒక్క మెగాఓమ్ కూడా రాకపోతే అక్కడే ఆగాలి. ఫాల్ట్ దొరికి, బాగై, బ్రేకర్‌ను కూడా చూశాక, మోటర్లన్నీ ఆఫ్‌లో పెట్టి, తలుపు మూసి, ప్యానెల్‌కు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, ముఖం తిప్పుకుని వేయాలి. మెగ్గర్ కొన్ని వేల రూపాయల్లో వస్తుంది. లారీ లోడు బియ్యం ముందు అదెంత? కరెంటోళ్లు ఒక్క స్తంభం ఎక్కాలన్నా ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకుంటారు. అదే ఊళ్లో మిల్లు గోడ లోపల ఆ పద్ధతే లేదు.

దీనికంటే నాకు భయం వేసేది ఇంకోటి. మాటిమాటికీ పడుతోందని 400 ఆంప్స్ బ్రేకర్ తీసి 630 పెట్టించుకునేవాళ్లు ఉన్నారు. కరెంటు నేలలోకి కారితే పట్టుకునే ఎర్త్ లీకేజ్ రిలే వైర్లు ఊడదీసి ‘ఇప్పుడు బాగుంది’ అనేవాళ్లూ ఉన్నారు. తవుడు ధూళి గాల్లో తేలే చోట కేబుల్ ఎర్రబడే దాకా పడని బ్రేకర్ ఉంటే ఏమవుతుందో మిల్లు నడిపేవాళ్లకు నేను చెప్పాలా?

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు పవర్ హౌస్‌లో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. అక్కడి కారణాలు వేరు, రైసు మిల్లుతో పోల్చను. ఇంజినీర్లు, రిలేలు అన్నీ ఉన్నచోటే కరెంటు మంట అంత పని చేసిందని గుర్తుచేస్తున్నాను, అంతే.

డేంజర్ బోర్డు, షాక్ కొట్టినప్పుడు చేయాల్సిన ప్రథమ చికిత్స చార్టు స్థానిక భాషలో కూడా ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. నేను చూసిన చాలాచోట్ల ఆ చార్టు క్యాలెండర్ వెనకాల ఉంది. విద్యుత్ తనిఖీ అధికారులు కనెక్షన్ ఇచ్చేటప్పుడే కాకుండా సీజన్ మొదలయ్యే ముందు కూడా ఒకసారి మిల్లులు తిరగాలి. ప్రతి షిఫ్టులో పర్మిట్ ఉన్న మనిషి ఒకడుండాలి, ట్రిప్పుల రిజిస్టరు ఉండాలి, ‘ఫాల్ట్ తేలేదాకా ఎత్తను’ అన్నందుకు అతని కూలి కోయకూడదు. మిల్లర్ల సంఘం తలచుకుంటే ఈ చివరిది రేపే అమలవుతుంది. ప్యానెల్ మీద అంటించే సూచనలు తెలుగుతో పాటు హిందీలోనూ ఉండాలి, రాత్రి డ్యూటీలో ఎక్కువమంది చదవగలిగేది అదే.

— ఒక ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్, మిర్యాలగూడ