ఆదివారం ఇంకుడు గుంతల పని, అందరూ రండి

అందరికీ నమస్కారం 🙏

మృగశిర కార్తె దగ్గరపడింది. వానలు మొదలయ్యేలోపే మన ఇంకుడు గుంతలు రెండూ బాగు చేసుకోవాలి.

ఈ ఆదివారం ఉదయం 6:30కి, పార్కింగ్ వెనక. ఎండెక్కక ముందే ముగిద్దాం.

గుంతల్లో పైనున్న ఇసుక మీద ఒండ్రు పేరుకుపోయి నీళ్లు దిగడం లేదు. ఆ పొర తీసేసి కొత్త ఇసుక పోయాలి. కింది కంకర, పెద్ద రాళ్లు కదిలించం.

100 చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 1000 లీటర్ల నీళ్లు! మన డాబా అంతకంటే చాలా పెద్దది. ఆ నీళ్లన్నీ రోడ్డు మీదకి వదిలేసి ఎండాకాలం ట్యాంకర్ల కోసం టెన్షన్ పడుతున్నాం. నాకైతే చాలా బాధగా ఉంటుంది. బోరు మనదే కానీ భూమిలో నీళ్లు వీధి మొత్తానివి. ట్యాంకర్ కొనలేని ఇళ్లు మన వెనక సందులోనే ఉన్నాయి.

పార, తట్ట ఉన్నవాళ్లు తీసుకురండి. పై అంతస్తు వాళ్లు శనివారమే డాబా ఊడ్చి, పైపుల దగ్గర ఆకులు తీసేయండి. పెద్దవాళ్లు బరువులు ఎత్తొద్దు, పిల్లల్ని చూసుకుంటే చాలు. ఇసుక డబ్బులు మెయింటెనెన్స్ నుంచే.

మర్చిపోవద్దు: కారు కడిగిన నీళ్లు, సబ్బు నీళ్లు గుంతల్లోకి అస్సలు పోనివ్వకండి. మొదటి వాన నీళ్లు కూడా బయటికే వదులుదాం, డాబా మురికంతా అందులోనే ఉంటుంది.

వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోపు ఫ్లాట్ నంబర్ ఇక్కడ పెట్టండి. ఇడ్లీలు ఎంతమందికో చెప్పాలి.