సోమనాథ్ శిబిరానికి బయల్దేరుతున్న శీనుకి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. ఆఫీసుకి సెలవు పెట్టి మే నెలలో సోమనాథ్ శ్రమ శిబిరానికి పోతానంటున్నావు. "అక్కడికెళ్తే కాస్త మనిషినవుతానేమో" అని రాశావు చూడు, ఆ ముక్కకి నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది. వెళ్ళు, నేను ఆపను. కానీ వెళ్ళేముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఉత్తరం పొడుగే, కాఫీ కలుపుకుని కూర్చో.

సోమనాథ్‌కి తల్లివేరు ఆనందవనం, మహారాష్ట్రలో బాబా ఆమ్టే కుష్టురోగుల కోసం పెట్టిన ఆశ్రమం. అది వరోరా ఊరి పక్కనే ఉంది, మనకేం దూరం కాదు. కాజీపేట, బల్లార్షా మీదుగా నాగపూర్ పోయే లైన్లో చంద్రపూర్ దాటాక వస్తుంది. అన్ని రైళ్ళూ వరోరాలో ఆగవు కాబట్టి చంద్రపూర్లో దిగడం మేలు. సోమనాథ్‌కైతే అక్కడినుంచి మూల్ వైపు బస్సెక్కాలి. శిబిరం తేదీలు ముందే రాసి ఖాయం చేసుకో. చెప్పకుండా వెళ్ళి గుమ్మంలో నిలబడితే వాళ్ళకి అదో పని.

బాబా ఆమ్టే 1951లో ఆనందవనం మొదలుపెట్టినప్పుడు వెంట ఉన్నది భార్య సాధనాతాయి, ఇద్దరు పసిపిల్లలు, ఆరుగురు కుష్టురోగులు, ఓ కుంటి ఆవు, ఓ కుక్క, పద్నాలుగు రూపాయలు. ఇచ్చిన నేలంతా రాళ్ళూ పొదలూ. ముందు బావి తవ్వారు, తర్వాత కూరగాయలు పండించారు, పాలు పితికారు. తీరా ఊళ్ళోకి తీసుకెళ్తే కొనే నాథుడు లేడు, కుష్టువాళ్ళ చేతి కూర కదా! కొన్నేళ్ళకి సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే స్వచ్ఛంద సేవాసంస్థ తరఫున రకరకాల దేశాల కుర్రకారు అక్కడికి వచ్చారు. నెలల తరబడి అక్కడే ఉండి గోడలు కట్టారు, ఆ పొలంలో పండిందే అందరితో కలిసి తిన్నారు. వరోరా జనం అది కళ్ళారా చూశాక కూరగాయలు అమ్ముడుపోవడం మొదలైంది. గోడలు ఏ మేస్త్రీ అయినా కట్టేవాడే. ఊరి భయం పోగొట్టింది మాత్రం ఆ భోజనాలు. నువ్వు ఎన్ని తట్టల మట్టి మోశావన్నది ఎవరికీ గుర్తుండదు. ఎవరి పక్కన కూర్చుని తిన్నావన్నది గుర్తుంటుంది. భోజనాల దగ్గర మన తెలుగువాళ్ళంతా ఒక బంతిలో చేరి ఆవకాయ సీసా తీశారంటే శిబిరంలో సగం అక్కడే పోయినట్టు.

ఆమ్టే గారి సంగతి ఇంకోటి చెప్పాలి. ఆయన ప్లీడరు. మలం గంపలు మోసి చూసిన మనిషి, దేనికీ జంకనని పేరు. అలాంటివాడు ఓ వానరోజు రోడ్డు పక్కన చావుబతుకుల్లో ఉన్న కుష్టురోగిని చూసి హడలిపోయి ఇంటికి పరుగెత్తాడు. ఆ భయం ఆయన్ని నిద్రపోనివ్వలేదు. తిరిగి వెళ్ళి ఆ మనిషికి సేవ చేశాడు. అందరూ కథని ఇక్కడే ఆపేస్తారు. నాకు మాత్రం తర్వాతిదే ముఖ్యం: ఆయన కలకత్తా వెళ్ళి ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో కుష్టు వైద్యం చదువుకుని వచ్చాడు. జాలిపడితే సరిపోదు, పని రావాలని ఆయనకి అర్థమైంది. అందుకే నిన్నూ వట్టి చేతుల్తో పంపను.

కుష్టు గురించి ముందు నీ భయం తీరాలి. ఇది మైకోబాక్టీరియం లెప్రే అనే క్రిమివల్ల వస్తుంది. చాలామందికి దాన్ని తట్టుకునే శక్తి ఒంట్లోనే ఉంటుంది. చికిత్స తీసుకోని రోగితో చాలాకాలం దగ్గరగా మెలిగితేనే అంటుకునే అవకాశం. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ కలిపి ఇచ్చే మందు, మచ్చలు తక్కువుంటే ఆరు నెలలు, ఎక్కువుంటే పన్నెండు నెలలు వాడితే నయమైపోతుంది. మందు ఉచితం, మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఇతరులకి అంటించడం ఆగిపోతుంది. నువ్వు అక్కడ చూసే వంకర వేళ్ళు పాతవి, నరాలు దెబ్బతిన్న గుర్తులు. క్రిమి ఎప్పుడో పోయింది, ఊరు మాత్రం తిరిగి రానివ్వలేదు. మన చట్టాలూ తక్కువ తినలేదు: 1898 నాటి లెపర్స్ చట్టం రద్దయింది 2016లో, విడాకులకి కారణాల జాబితాలోంచి కుష్టుని తీసేసింది 2019లో. అక్కడివాళ్ళ మీద నీకు జాలి పుడితే ఈ రెండు సంవత్సరాలూ గుర్తుచేసుకో, కోపం వస్తుంది. జాలి కంటే అదే నయం.

నరం చచ్చిన చోట నొప్పి తెలియదు, చిక్కంతా అక్కడే. స్టీలు గ్లాసులో పొగలు కక్కే టీ నీ చేతిని చురుక్కుమనిపిస్తుంది, నరాలు దెబ్బతిన్న పెద్దాయన వేళ్ళకి తెలియకుండానే బొబ్బ లేస్తుంది. టీ అందించే పని పడితే చల్లారనిచ్చి ఇవ్వు, లేదా పిడి ఉన్న కప్పులో ఇవ్వు. పాదాల పని చెప్తే ఇలా చెయ్యి. చల్లనీళ్ళలో ఇరవై నిమిషాలు పాదాలు నానబెట్టాలి. వేడినీళ్ళు వద్దు, కాలినా ఆయనకి తెలియదు. మెత్తబడ్డ ఆనెల్ని నెమ్మదిగా గీకాలి, పచ్చిచర్మం దాకా పోకూడదు. తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనో వాజలీనో రాస్తే ఆ తేమ లోపలే నిలుస్తుంది. వేళ్ళ సందుల్లో మాత్రం పొడిగా తుడవాలి. చెప్పులు తొడిగేముందు లోపల చెయ్యి పెట్టి చూడు, ముల్లో రాయో ఉండొచ్చు. మేకులు కొట్టిన చెప్పులు వాళ్ళకి పనికిరావు. స్పాంజిలాంటి మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్) రబ్బరు అట్ట ఉన్నవి కావాలి. పుండు ఉంటే కట్టు కట్టడం నర్సు పని, నువ్వు అందిస్తూ చూస్తూ ఉండు. పాత పుండు మానకపోవడానికి ముఖ్యకారణం మందు చాలకపోవడం కాదు, దానిమీదే రోజూ నడవడం. కాబట్టి ఆయనకి కావలసిన నీళ్ళబిందె నువ్వు మోసుకొచ్చావనుకో, అది కూడా వైద్యమే.

ఇక మట్టిపని. శిబిరాల్లో ఏ ఏడు ఏ పని పెడతారో వాళ్ళిష్టం. వాన నీరు ఆపే కందకాలో రాతికట్టలో వస్తే మాత్రం ఇది తెలిసుండాలి. కందకం వాలుకి అడ్డంగా, రెండు కొసలూ ఒకే మట్టంలో ఉండాలి. మట్టం చూడ్డానికి రెండు మీటర్ల కర్రలు రెండు పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించి, పైనుంచి రాయి కట్టిన దారం వేలాడదీస్తారు. కాళ్ళు రెండు చోట్ల ఆనించి, దారం అడ్డకర్రని ఎక్కడ తాకిందో గుర్తు పెట్టాలి. కాళ్ళు తారుమారు చేసి అవే చోట్ల పెట్టి మళ్ళీ గుర్తు పెట్టాలి. ఆ రెంటికీ సరిగ్గా నడుమ గీసిన గీతే మట్టం. దారం ఆ గీత మీద నిలిచినప్పుడల్లా ఓ మేకు పాతుకుంటూ పోవడమే. గాలి వేస్తుంటే ఆ లెక్క నమ్మకు. కంటి అంచనాతో తవ్వితే నీరంతా పల్లపు కొసకి చేరి, ఆ ఒక్కచోటే గట్టు తెగి, వాలు మొత్తం కోసుకుపోతుంది. తవ్విన మట్టి కింది వైపే పొయ్యాలి, అదీ కందకం అంచుకి అడుగు దూరం వదిలి. వాగులో రాతికట్ట కడితే నడుమ భాగం అంచులకంటే తగ్గి ఉండాలి. లేకపోతే వరద పక్కనుంచి దారి చేసుకుంటుంది, కట్ట మిగులుతుంది, ఒడ్డు పోతుంది.

చంద్రపూర్ ఎండ సంగతి నీకు తెలుసు, మన రామగుండం దాని ముందు చిన్నపిల్ల. పని తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించాలి. ఉంగరం ఇంట్లోనే తీసెయ్. అది ఉన్న వేలికే ముందు పొక్కు లేస్తుంది. చేతులు ఎర్రబడగానే గుడ్డ చుట్టుకో, పొక్కు వస్తే తోలు పీకకు. లీటరు నీళ్ళలో ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలుపుకుని తాగుతుండు, చెంచాలు తలకొట్టి కొలవాలి. ఎవరైనా తడబడుతూ పొంతన లేని మాటలు మాట్లాడితే, ఒళ్ళు కాలిపోతుంటే, అది అలసట కాదు వడదెబ్బ. నీడకి చేర్చి, ఒంటిమీద నీళ్ళు పోసి, విసురుతూ ఆస్పత్రికి పంపాలి. స్పృహ సరిగ్గా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకు.

నువ్వడిగిన మనిషినవ్వడం గురించి. మొదటి రెండు రోజులూ హుషారుగా ఉంటుంది. తర్వాత ఒళ్ళునొప్పులు, నిద్రలేమి, "నేను లేకపోయినా ఇక్కడ పని ఆగదే" అన్న దిగులు. చాలామంది అక్కడే ఫోను తీసి ఫొటోలు మొదలుపెడతారు, లేదా సలహాలు ఇస్తారు. రెండూ వద్దు. అక్కడ మగ్గం నేసేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, రేకుపెట్టెలు చేసేవాళ్ళు పనిమంతులు. నువ్వు ఎక్సెల్ షీట్లు చేసేవాడివి. వాళ్ళ దగ్గర నువ్వే శిష్యుడివి, ఆ చిన్నతనాన్ని భరించడం కష్టంగానే ఉంటుంది, నీకు మార్పంటూ వస్తే దాంట్లోంచే వస్తుంది. పెద్దవాళ్ళని కాకా, ఆజీ అని పిలువు, పేర్లు నేర్చుకో. ఎవరి చేతిలోనూ విడిగా డబ్బు పెట్టకు. మళ్ళీ వస్తానని మాట ఇవ్వకు. అలా చెప్పి రానివాళ్ళని వాళ్ళు లెక్కలేనంతమందిని చూశారు. రాత్రిపూట నాలుగు వాక్యాలు రాసుకో: ఇవాళ ఏ పని చేతకాలేదు, ఎవరు నేర్పారు.

ఇంతకీ నా అసలు సలహా: టికెట్ కొనేముందు కూకట్‌పల్లి శివానంద పునరావాస కేంద్రానికి వెళ్ళి, ఆదివారాలు చెయ్యగలిగే పని ఏమైనా ఉందేమో అడుగు. 1958లో రాణీ కుముదినీదేవి పెట్టినది, నీ ఇంటినుంచి మెట్రో ఎక్కితే చాలు. బట్టలు మడతపెట్టమంటారో, రిజిస్టరు రాయమంటారో, ఏది చెప్తే అది మూడు నెలలు మానకుండా చెయ్యి. పనిలో కొత్తదనం పోయి విసుగు పుట్టే దాకా చేస్తే నీకే తెలుస్తుంది, మేలో సెలవు పెట్టాలో వద్దో.

శ్రమ శిబిరానికి చెమట పీల్చే నూలుచొక్కాలు, టోపీ, టార్చి, దోమతెర పట్టుకెళ్ళు. అమ్మకి నా నమస్కారాలు చెప్పు, పిల్లలకి ముద్దులు. కూకట్‌పల్లి వాళ్ళు ఏమన్నారో వెంటనే రాయి.

నీ,
మూర్తి